పది మొక్కలు నాటినా ఆ నీడ రాదు

రోడ్డు వెడల్పు చేయాలని కాలువ గట్టు మీద చెట్లు కొట్టడం, ఊళ్లోవాళ్లు అడ్డుపడటం, ‘ఒక్క చెట్టుకు పది మొక్కలు నాటుతాం’ అని అధికారులు సర్దిచెప్పడం గోదావరి జిల్లాల్లో కొత్త సంగతి కాదు. నా గొడవంతా ఆ పది మొక్కల లెక్కతోనే. అది ఎంత తప్పో చూడాలంటే ఎవరూ పట్టించుకోని ఫెర్న్ మొక్క దగ్గరికి వెళ్లాలి.

మా ఊళ్లో దాన్ని పిచ్చి మొక్క అంటారు. పువ్వు పూయదు, కాయ కాయదు. కాలువ నీటిని ఆపి వదిలే పాత లాకుల గోడల్లో, వాడకం లేని నూతుల్లో, కొబ్బరి తోటల్లో బోదెల (చిన్న నీటి కాలువల) పక్కన దానంతటదే మొలుస్తుంది. లాకు గోడ మీది ఫెర్న్ ఆకు తిరగేసి చూడండి, అంచు వెంట గోధుమరంగు గీత కనిపిస్తుంది. అదంతా సిద్ధబీజాలే, ఫెర్న్‌కి విత్తనాల బదులు ఉండే పొడి. దుమ్ముకన్నా తేలిక, గాలికి ఎంత దూరమైనా పోతాయి. కాబట్టి ఫెర్న్‌కి విత్తు కరువు ఎప్పుడూ లేదు. పడ్డ చోట బతకడమే కష్టం.

తడి ఇటుక మీద పడ్డ సిద్ధబీజం నేరుగా మొక్క కాదు. ముందు గుండె ఆకారంలో పల్చటి ఆకుపచ్చ పొర అవుతుంది. అది చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. దాని మీద నిలిచిన నీటి పొరలోనే మగ కణాలు ఈదుకుంటూ అండాన్ని చేరాలి. ఎండ తగిలి ఆ తడి ఆరిందా, పెళ్లి పందిట్లోనే ఆగిపోయినట్టు. పైగా ఎండాకాలం కాలువలకు నీళ్లు ఆపేస్తారు. అప్పుడు ఆ గోడకు దిక్కు పైనున్న చెట్టు నీడొక్కటే.

పెద్ద మొక్క సంగతి వేరు. రోహిణి కార్తె ఎండకు ఆకులు మాడినా వేళ్ల దగ్గరి కాండం బతికుంటే, తొలకరికి చుట్ట చుట్టుకున్న కొత్త ఆకు పైకి లేస్తుంది. అందుకే చెట్టు కొట్టేసిన మర్నాడు ఏ నష్టమూ కనబడదు. ఏళ్ల తరబడి గోడ పచ్చగానే ఉంటుంది. పిల్లలంతా గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోయి పెద్దవాళ్లే మిగిలిన ఇల్లు కూడా బయటికి నిండుగానే కనిపిస్తుంది. ఫెర్న్‌లను లెక్కపెట్టేవాళ్లు పెద్ద మొక్కలను కాదు, గోడ మీద ఆ పచ్చటి పొరలను వెతకాలి.

ఎండలే ముదిరాయి, దానికి చెట్లేం చేస్తాయని కొందరంటారు. ఎండలు ముదిరిన మాట నిజమే. ఎండను ఓర్చుకునే ఫెర్న్‌లూ ఉన్నాయి, మడ అడవుల్లో పెరిగే పెద్దాకుల రకం చెట్లు నరికిన చోటే దట్టంగా అల్లుకుంటుంది. కానీ ఎండలు ముదిరాయంటే నీడ అవసరం ఇంకా పెరిగిందనేగా!

1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. మా తోటలో నేల మీద ఎండ పడటం అప్పుడే చూశాను. బోదె గట్టున ఫెర్న్‌లు మాడిపోయాయి. కొబ్బరి మొక్కలు ఎదిగేలోపు నాన్న అరటి వేశారు, ఏడాది తిరిగేసరికి అరటాకుల కింద నీడ వచ్చింది, ఆ తర్వాతి వానలకు ఫెర్న్‌లూ వచ్చాయి. అంత తుపాను తర్వాత కూడా తిరిగొచ్చిన మొక్క, గట్టు మీద తారు రోడ్డు పడ్డాక మాత్రం రాలేదు. అక్కడ అరటి వేసేవాళ్లు ఎవరు?

నీడ విలువ తెలియని ప్రాంతమా మనది? కడియం నర్సరీల్లో షేడ్ నెట్ కట్టి, వేళకు తడుపుతూ ఫెర్న్‌లను కుండీల్లో పెంచి అమ్ముతున్నారు. అక్కడ నీడ పెట్టుబడి. గట్టు మీద మాత్రం చెట్టు కొట్టేటప్పుడు కలపకు ధర కడతారు, నీడకు పైసా కట్టరు. ఆ నీడలో కొబ్బరి వలుపు కూలీలు అన్నం తింటారు, రేవులో బట్టలు ఉతికే ఆడవాళ్లు కాసేపు నడుం వాలుస్తారు, బస్సు కోసం ముసలివాళ్లు నిలబడతారు. వాళ్లెవరికీ షేడ్ నెట్ కొనే స్తోమత లేదు. అందుకే మొక్కలు ముందు నాటి, అవి నీడ పట్టాకే పాత చెట్టు జోలికి వెళ్లాలి. కుదరదంటే రోడ్డు ఒక గట్టుకే వేసి రెండోది వదిలేయాలి.

మొన్న వానల్లో మా లాకుల దగ్గరికి వెళ్లాను. నిద్రగన్నేరు కొట్టేసిన వైపు గోడకు నాలుగు పెద్ద ఫెర్న్‌లు పచ్చగా వేలాడుతున్నాయి, కింద ఇటుకలు మాత్రం బోసిగా ఉన్నాయి. చెట్టు మిగిలిన అవతలి గోడ దగ్గర వంగి చూస్తే, సున్నం సందుల్లో గోరంత లేని పచ్చటి పొరలు, వాటిలో రెండింటికి అప్పుడే మొలిచిన తొలి ఆకు.