గట్టి బండి సిద్ధాంతం

కావలి నుంచి ఒంగోలు దాకా పదహారో నంబరు జాతీయ రహదారి వెంబడి కారు నాణ్యతను తేల్చే పద్ధతి ఒక్కటే. బానెట్ మీద వేలి కణుపులతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచి బండి, రేకు లోపలికి దిగితే డబ్బా. పుచ్చకాయల బేరంలో తరతరాలుగా నెగ్గిన పరీక్ష ఇది. కాదనడానికి పరాయి దేశాల ఇంజనీర్లెవరు?

కాదన్నారు మరి. మెర్సిడెస్ బెంజ్ ఇంజనీరు బేలా బరేనీ 1951లోనే ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. కారు ముందు భాగమూ వెనక భాగమూ నలిగిపోవాలట, మధ్యలో మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదట. 1959లో ఆ సంస్థ అలాంటి కార్లను అమ్మకానికి కూడా పెట్టింది. డబ్బిచ్చి మరీ నలిగే కారు కొనుక్కోవడం! బరేనీ ఒక్కసారి సింగరాయకొండ వచ్చి టీ తాగి ఉంటే ఈ అనర్థం జరిగేది కాదు. "మా కాలంలో కారు గోడను గుద్దితే గోడ కూలేదయ్యా, కారుకు సొట్ట కూడా పడేది కాదు" అని అక్కడి పెద్దలు చెప్పి పంపేవారు. ఆ కారులో ఉన్నవాళ్లు ఏమయ్యారన్నది కథలో ఎప్పుడూ రాదు. అది అప్రస్తుతం.

న్యాయం కోసం బరేనీ పక్షం లెక్క కూడా విందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు గోడను కొట్టింది. ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగితే, బెల్టుతో సీటుకు అతుక్కుని ఉన్న మనిషి కూడా ఇంచుమించు ఆ 60 సెంటీమీటర్లలోనే ఆగుతాడు. అతని మీద పడే బలం సుమారు అతని బరువుకు 16 రెట్లు. బెల్టు లేనివాడు, కారు ఆగిపోయినా తాను ఆగక, అదే వేగంతో వెళ్లి డ్యాష్‌బోర్డును చేరతాడు. అక్కడ అతనికి దొరికే చోటు ఐదు సెంటీమీటర్లనుకుంటే దాదాపు 200 రెట్లు. ఇక మన గట్టి బండి పది సెంటీమీటర్లు మాత్రమే నలిగి ఠీవిగా నిలబడిందనుకుందాం. బెల్టు పెట్టుకున్నా దాదాపు వంద రెట్లు. కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ బండిని చూడండి! రెండు రోజుల రేకుపని చేయిస్తే వారసులు మంచి ధరకు అమ్ముకోవచ్చు. నలిగిన కారులోంచి బతికి బయటపడ్డవాడికి ఆ యోగం ఎక్కడిది? బీమా ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఉంటాడు.

1954 డిసెంబరులో అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ రాకెట్ బండి మీద గంటకు 1,017 కిలోమీటర్ల వేగాన్ని అందుకుని 1.4 సెకన్లలో ఆగాడు. ఒంటి మీద 46 రెట్ల భారం పడింది. కళ్లలో రక్తనాళాలు చిట్లాయి గాని మనిషి బతికాడు, 89 ఏళ్ల దాకా బతికాడు. అయితే అతన్ని పట్టీలతో సీటుకు బిగించి కట్టారు కాబట్టి ఆ ప్రయోగం మనకు వర్తించదు. టంగుటూరు టోల్‌గేటు దగ్గర పోలీసు కనిపిస్తే బెల్టును రొమ్ము మీదుగా లాగి చేత్తో పట్టుకోవడం, దాటాక వదిలేయడం మన ఆచారం. వెనక సీటు బెల్టులైతే కొత్త సీటు కవరు వేయించిన రోజే దాని కింద సమాధి అవుతాయి. పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా అంటుంది చట్టం. వెనక సీట్లోని 70 కిలోల బావగారు 50 కిలోమీటర్ల వేగంతో ముందు సీట్లోని బావమరిది వీపు మీదికి రావడం పూర్తిగా కుటుంబ వ్యవహారం. సర్కారు కలగజేసుకోవడం మర్యాద కాదు. అమ్మమ్మ ఒళ్లో ఉన్న పది కిలోల మనవడు ఆ క్షణంలో 160 కిలోలు లాగుతాడని కూడా లెక్కలు వేశారు. వేసినవాళ్లు నెల్లూరు అమ్మమ్మల పట్టు ఎరగరు.

బండి ముందు బిగించే బుల్ గార్డుల సంగతి మరీ మనసు నొప్పించేది. 2017 డిసెంబరులో కేంద్రం వాటిని చట్టవిరుద్ధమంది. ఆ ఇనుప చట్రం దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుందట, ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో తేల్చే సెన్సర్లను తికమక పెడుతుందట, అడ్డొచ్చిన పాదచారి ఎముకలు విరుస్తుందట. కావచ్చు. కానీ ఒంగోలు గిత్త పుట్టిన గడ్డ ఇది. ఆ సంతతి పశువులను బ్రెజిల్‌లో మన నెల్లూరు పేరుతోనే నెలోర్ అంటారు. ఇక్కడ కొమ్ములు లేని వాహనం తిప్పమంటే పౌరుషం ఏమవుతుంది?

అలాగని బరేనీని మనం పూర్తిగా తోసిపుచ్చలేదు. ఆయన సిద్ధాంతాన్ని నిష్ఠగా పాటించే భాగం మన బండ్లలో ఒకటుంది: మిరపకాయలతో కలిపి బంపర్‌కు కట్టిన పొదలకూరు నిమ్మకాయ. ఢీకొన్నప్పుడు అది తప్పకుండా నలుగుతుంది. దానివల్ల మనకు అదనంగా దక్కే ఆగే దూరం నాలుగు సెంటీమీటర్లు.

2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్షతో మన దేశంలోనే కార్ల భద్రతకు నక్షత్రాలు ఇస్తున్నారు. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారును ఢీకొట్టించి, లోపలి బొమ్మలకు ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. బొమ్మలన్నింటికీ బెల్టులు ఉంటాయి, పిల్ల బొమ్మలకు విడిగా సీట్లు ఉంటాయి. ఇది ఏ జిల్లా పద్ధతో నాకు అర్థం కాలేదు. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల కోసం ప్రత్యేక పరీక్ష పెట్టాలని మనవి. వేగం వంద, వెనక సీట్లో ఐదు బొమ్మలు, ముందు బొమ్మ ఒళ్లో పిల్ల బొమ్మ, డ్రైవరు బొమ్మ చెవి దగ్గర ఫోను, బెల్టులన్నీ కవరు కింద. బొమ్మలు ఎక్కడానికి ఒప్పుకుంటాయా అన్నదే అనుమానం.