ప్రాగ్‌లో మ్యూజియంలు దండగట!

జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘ప్రాగ్‌కి ఒక్క శనివారం చాలు, మ్యూజియంలకు డబ్బు తగలేయొద్దు’ అని మొదలుపెట్టి, కింద ‘ఎవరికీ తెలియని చరిత్ర’ అని నాలుగు ముక్కలు. వద్దన్నా ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు.

ఓల్డ్ టౌన్ గడియారం చేసిన హనుష్ కళ్లు పీకించారట. 1410లో దాన్ని చేసింది కదాన్ ఊరి మికులాష్. హనుష్ తర్వాతి తరం వాడు, కళ్ల సంగతి కట్టుకథ. చార్లెస్ వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారట. కలిపితే కలిపారు, వంతెన నిలబడింది కదా. కోటలో అడుగు పెట్టాలన్నా టికెట్టేనట. ఆవరణంతా ఉచితంగా తిరగొచ్చు, పాత రాజభవనం లాంటివాటి లోపలికి వెళ్లాలంటేనే టికెట్.

ఒళ్లు మండేది నాలుగోదానికి. ‘యూదుల మ్యూజియం పెట్టించింది హిట్లరే. అంత క్రూరుడిలోనూ కళాభిమానం!’ ఆహా, ఇంకేం, పూలదండ కూడా వేద్దాం. ఆ మ్యూజియం పుట్టింది 1906లో. పాత యూదుల వాడను పడగొడుతుంటే, కూలిన ప్రార్థనా మందిరాల సామాను చెదిరిపోకుండా యూదులే పెట్టుకున్నారు. 1942 నుంచి నాజీల అజమాయిషీలో అక్కడికి చేరింది, శిబిరాలకు తోలేసిన జనం వదిలిపోయిన సొత్తు. దానికి జాబితాలు రాసింది యూదు ఉద్యోగులే. తర్వాత వాళ్లలో చాలామందినీ శిబిరాలకే పంపారు. దోచిన సొత్తును వరసగా సర్దితే కళాభిమానమా?

అందులోదే పింకాస్ మందిరం. గోడల నిండా నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 80,000 మంది యూదుల పేర్లు చేత్తో రాసి ఉంటాయి, ఇంటిపేరు ఎర్రగా, పేరూ తేదీలూ నల్లగా. కమ్యూనిస్టుల కాలంలో చెమ్మ పేరుతో మూతపడి, ఆ పేర్లు చెరిగిపోతే 1990ల్లో మళ్లీ అన్నీ రాశారు. మేడ మీద, నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్ గెట్టోలోని పిల్లలు గీసిన బొమ్మలు. వాళ్లకు నేర్పిన ఫ్రీడల్ డికర్-బ్రాండైస్, తనను ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి పంపేముందు సుమారు 4,500 బొమ్మలను రెండు సూట్‌కేసుల్లో దాచిపెట్టి వెళ్లింది. ఇది దండగ!

పైగా ఆ మెసేజ్ రాసినవాడు శనివారం వెళ్లమంటాడు. ఆ రోజు యూదుల మ్యూజియానికి సెలవు. మనవాడు లోపలికి వెళ్లనే లేదని నా అనుమానం.

ఒక్క మాట మాత్రం నిజమే చెప్పాడు: గంట గంటకీ గడియారంలో తిరిగే బొమ్మల కోసం టైం వేస్ట్ చేసుకోవద్దని. నిమిషం కూడా ఉండదు. పైకెత్తిన ఫోన్లు, జేబుదొంగల టెన్షన్ తప్ప ఏమీ కనపడదు. చివర్లో గడియారం మీది కోడి బొమ్మ కూశాక జనం పలచబడతారు, సూర్యచంద్రుల్ని చూపే డయల్‌ను అప్పుడు తీరిగ్గా చూడొచ్చు.