కరోనా పోయింది, పర్మిషన్ మాత్రం ఉంది

2021 ఎండాకాలం. హన్మకొండ ఏకశిల పార్కు దగ్గర ఆశా కార్యకర్తలు ధర్నాకు కూర్చున్నారు. ఇరవై మందికి మించి లేరు. ముగ్గుపిండితో రోడ్డు పక్కన గుండ్రాలు గీసుకుని, గుండ్రానికి ఒకరు చొప్పున కూర్చున్నారు. మూతికి మాస్కు, నెత్తిన కొంగు. ఇంటింటి జ్వరం సర్వేకు పంపుతున్నారు కదా, మాస్కులు సరిగా ఇవ్వండి, మాకే జ్వరమొస్తే దవాఖానాలో బెడ్డు చూపించండి అన్నదే వాళ్ల గోడు. అరగంటకు పోలీసులొచ్చారు. అందర్నీ లేపి ఒక్క డీసీఎం వ్యానులో ఎక్కించారు. అప్పటిదాకా ఆరడుగుల ఎడంతో ఉన్నవాళ్లు కాస్తా ఒకరి భుజం మీద ఒకరు పడుతూ పోయారు. ఎందుకు తీసుకెళ్తున్నారని అడిగితే ఒక కానిస్టేబుల్ చెప్పిన జవాబు: "కొవిడ్ రూల్స్ సార్, గుంపు ఉండొద్దు."

ఆ డీసీఎం వెనక తలుపు మూస్తుంటే కనిపించిన మొహాలు నాకింకా గుర్తున్నాయి. ప్రజారోగ్యం, నిరసన హక్కు మధ్య సమతూకం గురించి ఎవరు ఉపన్యాసం ఇచ్చినా ముందు ఆ బండే కళ్ల ముందుకొస్తుంది. తూకం వేయాలంటే రెండు పళ్లాలుండాలి. మన దగ్గర ఒకటే పళ్లెం ఉంది, కాంటా కూడా సర్కారు చేతిలోనే ఉంది.

అదే ఏడాది ఏప్రిల్ 20న రాష్ట్రమంతా రాత్రి తొమ్మిది నుంచి కర్ఫ్యూ పెట్టారు. పది రోజులకే, ఏప్రిల్ 30న, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు పోలింగ్ జరిపారు. సెకండ్ వేవ్ నెత్తిమీద ఉంటే ఈ ఎన్నికలేమిటని హైకోర్టు మండిపడ్డా ఆగలేదు. డివిజన్లలో ఇంటింటికీ తిరిగారు, జెండాలు కప్పుకుని పోయారు, బూత్‌ల ముందు లైన్లు కట్టారు. మే 12న లాక్‌డౌన్ వచ్చింది. ఓటడిగే గుంపుకు వైరస్ అంటదు, మాస్కు అడిగే గుంపుకే అంటుతుందని అప్పుడే తెలిసింది మాకు.

ఒమిక్రాన్ నాటి సంగతి ఇంకా బాగుంటుంది. 2021 డిసెంబర్ 31 రాత్రి వైన్ షాపులు పన్నెండు దాకా, బార్లు ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని సర్కారు అనుమతి ఇచ్చింది. తెల్లారి, జనవరి 1న, సభలు, ర్యాలీల మీద ఉన్న బంద్‌ను పొడిగిస్తూ జీవో వచ్చింది. జనవరి 2 రాత్రి కరీంనగర్‌లో ఎంపీ బండి సంజయ్ ఉద్యోగుల సర్దుబాటు జీవో 317కు వ్యతిరేకంగా తన ఆఫీసులోనే జాగరణ దీక్షకు కూర్చుంటే పోలీసులు తలుపులు పగలగొట్టి లోపలికెళ్లి అరెస్టు చేశారు. హైకోర్టు కలగజేసుకున్నాక గానీ ఆయన జైలు నుంచి బయటికి రాలేదు, అదీ జనవరి 5న. ఆయన రాజకీయం నాకు నచ్చదు, ఏనాడూ నచ్చలేదు. ఆ రాత్రి జరిగింది మాత్రం అంతకన్నా నచ్చలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అధికార పార్టీ ఊరూరా రైతుబంధు సంబురాలు పెట్టుకుంది. నిబంధనలు పాటిస్తూ చేసుకుంటామన్నారు. దీక్షకు కూర్చున్నోళ్లు కూడా అదే మాట అన్నారు మరి.

పట్టుకోవాల్సిన అసలు ముడి జీవో 317లో ఉంది. కొత్త జోనల్ విధానం ప్రకారం టీచర్లను, ఉద్యోగులను జిల్లాలకు సర్దుతున్న రోజులవి. సీనియారిటీ లేని టీచరమ్మ సొంత జిల్లా వదిలి ఎక్కడో వేరే జిల్లాలో చేరాల్సి వచ్చింది. ఆమె గొంతెత్తాల్సింది ఎప్పుడు? ఆర్డర్ చేతికొచ్చే ముందు. "పది రోజులాగండి, కరోనా తగ్గాక ధర్నా చేసుకోండి" అంటే ఆ పది రోజుల్లో ఆమె కొత్త బడిలో జాయినై హాజరు పట్టీలో సంతకం పెట్టేసి ఉంటుంది. నిరసనకు కూడా వ్యవసాయంలాగే అదును ఉంటుంది. మృగశిరలో వేయాల్సిన విత్తనం దసరాకు వేసుకోమంటే అది వాయిదా కాదు. ఐకేపీ కొనుగోలు సెంటర్లో వడ్లు తడుస్తున్నప్పుడు, బస్తాకు కిలోలకు కిలోలు తరుగు తీస్తున్నప్పుడు రైతు రోడ్డెక్కాలి. లారీ వెళ్లిపోయి మిల్లరు కాగితం రాసుకున్నాక ఎవరి ముందు కూర్చోవాలి? అందుకే, కొద్ది రోజులు ఆపితే హక్కుకు పోయేదేముంది అనే వాళ్లతో నాకు కుదరదు.

చట్టం పరంగా చూసినా సర్కారు వాదన అంత గట్టిదేం కాదు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19(1)(బి) ఇచ్చింది. దాన్ని ఏ కారణాలతో అదుపు చేయొచ్చో 19(3)లో రాసి ఉంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, శాంతిభద్రతలు. అంతే. అందులో ప్రజారోగ్యం అన్న మాట లేదు. రాకపోకల హక్కు మీద సాధారణ ప్రజల ప్రయోజనం కోసం ఆంక్షలు పెట్టొచ్చని 19(5) చెబుతోంది కాబట్టి సర్కారు లాయర్లు అటు నుంచి నరుక్కొస్తారు. రానివ్వండి. అలా వచ్చినా ఆంక్ష సహేతుకంగా ఉండాలి. బారుకు ఒంటిగంట దాకా అనుమతిచ్చి దీక్షకు తాళం వేయడంలో ఏ హేతువుందో ఒక్క లాయరైనా చెప్పాలి. వైరస్‌కు మూసిన గది ఇష్టమని, ఆరుబయట దానికి బలం తక్కువని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. ఆ లెక్కన ఏకశిల పార్కు కన్నా పోలీసు బండే ప్రమాదం.

అవతలి వాళ్ల మాటలో నిజం లేదనను. వరంగల్ ఎంజీఎం దవాఖానాలో ఆక్సిజన్ బెడ్డు కోసం మనుషులు కారిడార్లలో పడిగాపులు పడటం మనమంతా చూశాం. బతికుంటేనే కదా హక్కులు, ధర్నాకు పోయినోడు ఇంట్లో ముసలమ్మకు అంటిస్తే ఎవరిది బాధ్యత అంటారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మాస్కు పెట్టుకోమనండి, ఎడంగా కూర్చోమనండి, వంద మందికి మించొద్దనండి, గంటలో లేవమనండి. అవే షరతులు ఎమ్మెల్యే సన్మాన సభకు కూడా పెట్టండి. అసలే వద్దంటే మాత్రం ఆ ముసలమ్మకు బెడ్డు కావాలని అడిగే నోరు కూడా మూసేసినట్టే. 2021 మేలో జూనియర్ డాక్టర్లు సమ్మె చేశారు కాబట్టే వాళ్ల స్టైపెండ్ సంగతి, డ్యూటీలో చనిపోతే కుటుంబానికి ఇచ్చే పరిహారం సంగతి పేపర్లకెక్కాయి. జబ్బు కాలంలో నిరసన అంటే జ్వరం చూసే థర్మామీటర్ లాంటిది. దాన్ని విరగ్గొడితే జ్వరం తగ్గదు.

ఈ చట్టాల పుట్టుకే అలాంటిది. అంటువ్యాధుల చట్టం 1897 ఫిబ్రవరిలో, బొంబాయి ప్లేగు కాలంలో వచ్చింది. నాలుగే సెక్షన్లు. సర్కారు ఏం చేసినా చెల్లుతుంది, అధికారుల మీద దావా వేయడానికి వీల్లేదు. జనం హక్కుల గురించి ఒక్క ముక్క లేదు. ఆ ఏడాదే పుణెలో ప్లేగు అధికారి ర్యాండ్‌ను చంపారు, తిలక్‌ను రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. నూట ఇరవై మూడేళ్ల తర్వాత కరోనాకు బయటికి తీసింది అదే చట్టాన్ని. దాన్ని సమూలంగా మార్చాలని లా కమిషన్ 2024లో 286వ నివేదిక ఇచ్చింది. కొత్త చట్టం రాసేవాళ్లు క్వారంటైన్ గురించి, ఆస్పత్రుల గురించి ఎలాగూ రాస్తారు. నిరసనకు అనుమతి నిరాకరిస్తే ఇరవై నాలుగు గంటల్లో కారణాలతో కాగితం ఇవ్వాలని, పండగకు, ప్రచారానికి, ధర్నాకు ఒకే సంఖ్య వర్తించాలని కూడా రాయించుకోవాలి. 144 సెక్షన్ ఉత్తర్వులకు కారణాలుండాలి, వాటిని ప్రచురించాలి, అసమ్మతిని నొక్కడానికి వాడొద్దు అని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే, అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. లాక్‌డౌన్‌కు రెండు నెలల ముందు! మన స్టేషన్లకు ఆ తీర్పు ఇంకా చేరినట్టు లేదు.

కరోనా ఒక సాకు మాత్రమే అని నేననేది ఇందుకే. రోగం కాసేపు పక్కన పెట్టండి. ఉత్తర తెలంగాణ జిల్లాల పేపర్లు తిరగేస్తే నెలకోసారి ఓ మూలన చిన్న వార్త కనిపిస్తుంది: జిల్లాలో నెల రోజుల పాటు 30 పోలీసు యాక్ట్ అమలు, అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేయరాదు. 30 అంటే సెక్షన్ నంబరు. ఆ యాక్ట్ 1861 నాటిది, సిపాయిల తిరుగుబాటు చల్లారాక తెల్లోళ్లు రాసుకున్నది. ఇటు నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ తిర్పన్ అనే ఉత్తర్వు ఉండేది, సభ పెట్టాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. దాన్ని ఎదిరించి జైళ్లకు పోయినవాళ్ల కథలు చెప్పుకునే మనం, ముఖ్యమంత్రి పర్యటన ఉందంటే తెల్లారేసరికి యూనియన్ నాయకుల ఇళ్ల ముందు పోలీసు జీపు ఆగడాన్ని వాతావరణ వార్తలాగా చదువుకుంటున్నాం. ముందస్తు అరెస్టులకు పార్టీ లేదు. నిన్న పోలీసు బండెక్కినోళ్లు గద్దెనెక్కాక అదే బండిని ఎదుటోళ్ల కోసం పంపుతున్నారు. కాళోజీ పేరు పెట్టుకున్న ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. నిజాం జైలు చూసొచ్చిన ఆ మనిషి ఇవాళ ధర్నాకు పర్మిషన్ అడగడానికి స్టేషన్ మెట్లెక్కితే ఏం జరుగుతుందో ఊహించుకోవడానికి నాకు పెద్ద కష్టం లేదు.

ఎందుకంటే మొన్న వానాకాలం నేనే ఎక్కాను. మా సొంతూళ్లో మురుగు కాల్వ పొంగి వాడకట్టు వాడకట్టంతా డెంగీతో మంచాన పడితే, మున్సిపల్ ఆఫీసు ముందు గంటసేపు కూర్చుంటామని దరఖాస్తు పట్టుకుపోయాం. ఎస్సై మర్యాదస్తుడు, కుర్చీ వేయించి చాయ్ కూడా తెప్పించాడు. కాగితం చదివి, "30 యాక్ట్ నడుస్తున్నది సార్, ఇయ్యలేం" అన్నాడు.

సరే, ఆ మాటే రాసివ్వండి అన్నాను.

ఆయన నవ్వాడు. "రాసిస్తే ఎట్ల సార్, మీరు కోర్టుకు పోతరు."