ఆ రైలుకి గ్లూ పెట్టమని చెప్పడానికి మీరెవరండీ?

ఇప్పుడే వచ్చినవాళ్ళు వెళ్ళారు. గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. నాకు కోపం ఇంకా దిగలేదు, అందుకే ముందు ఇది రాస్తున్నాను.

విషయం చిన్నదే. మా అమ్మాయి హాల్లో నేల మీద కూర్చుని, క్రిస్మస్‌కి కట్టిన లెగో రైలు, అదే ప్లాస్టిక్ ఇటుకలు ఒకదానికొకటి బిగించి కట్టేది, విప్పుతోంది. భోజనానికి వచ్చిన ఒక పెద్దాయన కాఫీ కప్పుతో వచ్చి పక్కనే నిలబడి, "అదేంటి తల్లీ, అంత కష్టపడి కట్టింది పీకేస్తున్నావ్? మీ నాన్న ఎంత డబ్బు పోసి కొన్నాడో తెలుసా?" అన్నారు. అక్కడితో ఆగినా ఊరుకునేదాన్ని. నా వైపు తిరిగి, "సూపర్ గ్లూ తెచ్చి మొత్తం అతికించెయ్యమ్మా. అద్దాల బీరువాలో పెడితే పదేళ్ళు చెక్కుచెదరదు, వచ్చినవాళ్ళు చూస్తారు" అన్నారు. పిల్ల చేతిలో చక్రం చేతిలోనే ఉండిపోయింది. ఏదో తప్పు చేసినట్టు నా మొహంలోకి చూసింది.

ఏం తప్పు చేసిందండీ అది?

ఆ రైలు 2016లో వచ్చిన వింటర్ హాలిడే ట్రైన్. 734 ముక్కలు. ఒక ఆవిరి ఇంజను, వెనక బొగ్గు పెట్టె, దాని వెనక ఒక సామాన్ల వ్యాగను, చివర ఎర్రటి గార్డు పెట్టె, పక్కన ఒక చిన్న ప్లాట్‌ఫారం, ఐదుగురు మనుషులు. ఇక్కడ అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, డిసెంబరు వచ్చిందంటే చాలా ఇళ్ళల్లో క్రిస్మస్ చెట్టు కింద ఏదో ఒక రైలు తిరుగుతుంది. మా ఇంట్లో ఇది. ఏటా డబ్బా దింపుతాం, కడతాం, పండగ అయ్యాక విప్పి సంచుల్లో సర్ది మళ్ళీ పైన పెడతాం. మాకు పండగంటే ఆ కట్టడమే. వాళ్ళ నాన్న పుస్తకం చూసి ముక్కలు అందిస్తాడు, అది కడుతుంది, నేను పక్కన కూర్చుని పోయిన ముక్కల కోసం సోఫా కింద వెతుకుతాను. అతికించేస్తే వచ్చే డిసెంబరులో మేం ముగ్గురం కలిసి ఏం చేయాలి? దుమ్ము తుడుచుకోవాలా?

భోగి నాడు వాకిట్లో అంత ఓపికగా వేసిన ముగ్గుని మర్నాడు కల్లాపి చల్లి చెరిపేసి మళ్ళీ కొత్తది వేస్తారు కదా. అక్కడ ఎవరైనా "అయ్యో, గ్లూ పోసి ఉంచెయ్యండి" అంటారా? ఆ పెద్దాయన తల్లిగారు కూడా వేసే ఉంటారు ముగ్గులు.

అసలు ఆ ముక్కలు విప్పడానికే పుట్టాయి. డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊరి లెగో కంపెనీ వాళ్ళు, 1958 జనవరి 28న, లోపల గొట్టాలున్న ఇటుకకి పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. ఒక ఇటుక పై బొడిపెలు ఇంకో ఇటుక కింది గొట్టాలకి బిగుసుకుని పట్టుకుంటాయి, కావాలన్నప్పుడు వదులుతాయి. ఆ కంపెనీ చేసిన గొప్ప పనంతా ఆ పట్టులోనే ఉంది. గట్టిగా ఉండాలి, కానీ పిల్ల వేళ్ళకి ఊడి రావాలి. దానికోసం వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చులు పోస్తారు. 1958 నాటి ఇటుక ఈ రోజు కొన్న ఇటుకకి అతుక్కుంటుంది. అంత శ్రమపడి ఊడొచ్చేలా చేసినదాన్ని మీరు రెండు చుక్కల గ్లూతో చంపేయమంటారా? పైగా ఆ గ్లూ ఆవిరికి అద్దంలా ఉండే ముక్కలు తెల్లగా మసకేస్తాయి. రైలు కిటికీలన్నీ పోతాయి. అది కూడా తెలియకుండా సలహా!

"ఆ లెగో వాళ్ళ పార్కు, లెగోల్యాండ్‌లో అన్నీ అతికించే ఉంటాయిగా" అని కూడా అన్నారు. అవును, అతికిస్తారు. అవి 1968 నుంచి ఆరుబయట ఎండకీ వానకీ నిలబడుతున్న బొమ్మలు, రోజూ వేలమంది చూస్తారు. మా హాల్లో వాన పడదు. మా ఇల్లు మ్యూజియం కాదు.

ఒకే రంగు, ఎనిమిది బొడిపెలుండే మామూలు ఇటుకలు ఆరు తీసుకుంటే ఎన్ని రకాలుగా కలపొచ్చో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో లెక్కల ప్రొఫెసరు సోరెన్ ఐలర్స్ లెక్కగట్టారు. 91,51,03,765 రకాలు. ఆరే ఆరు ముక్కలకి! మా పిల్ల దగ్గర 734 ఉన్నాయి, ఇంకో పెట్టెడు పాతవి ఉన్నాయి. అందులో ఒక్క రకం దగ్గర ఆపేసి తాళం వేయమనడం ఎంత అన్యాయమో ఆయనకి ఎలా చెప్పాలి? నాకు నోట మాట రాలేదు, పెద్దాయన కదా అని నవ్వి ఊరుకున్నాను. అదే ఇప్పుడు మండుతోంది.

ఇంకొకావిడ, "దానంతట అది తిరగదా? మోటారు లేకుండానే అంత రేటా?" అన్నారు. ఆ సెట్టు డబ్బాలో మోటారు రాదండీ, విడిగా కొనుక్కోవాలి. లెగో వాళ్ళు కరెంటు రైళ్ళు 1966 నుంచి చేస్తున్నారు. మొదట 4.5 వోల్టుల బ్యాటరీ, తర్వాత 12 వోల్టులు, 1991లో 9 వోల్టులు. ఆ 9 వోల్టుల రైలుకి కరెంటు పట్టాల మీద అతికించిన లోహపు రేకు గుండా వచ్చేది. తర్వాత ఆ లోహపు పట్టాలు మానేసి మళ్ళీ బ్యాటరీలకి వచ్చారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే మోటారు కొనలేదు. చేత్తో తోస్తే పిల్ల రైలుతో పాటు మోకాళ్ళ మీద తిరుగుతుంది, కూత తనే వేస్తుంది, స్టేషను దగ్గర తనే ఆపుతుంది. మోటారు పెడితే సోఫాలో కూర్చుని చూస్తుంది. చూడటానికి ఇంట్లో టీవీ ఉంది.

కట్టడంలో ఏం నేర్చుకుందో ఎవరైనా అడిగారా? ఒక్కో వంపు పట్టా 22.5 డిగ్రీలు తిరుగుతుందని, 16 కలిపితే గుండ్రం పూర్తవుతుందని దానంతటదే కనిపెట్టింది, స్కూల్లో కోణాలు చెప్పకముందే. వాళ్ళ నాన్న దగ్గర 2009 నాటి ఎమరాల్డ్ నైట్ అనే లెగో ఇంజను ఉంది. దాని పెద్ద చక్రాల్లో మధ్య జతకి, చక్రం పట్టా మీంచి జారకుండా పట్టుకునే అంచు ఉండదు. ఎందుకు లేదని అడిగి, వంపులో పెట్టి చూసి, అంచు ఉంటే ఇరుక్కుంటుందని తనే చెప్పింది. నిజం ఆవిరి ఇంజన్లలోనూ కొన్నింటికి ఇలాగే చేసేవారని వాళ్ళ నాన్న చెబితే దాని మొహం వెలిగిపోయింది. అద్దాల వెనక పెట్టిన రైలు ఇవి చెబుతుందా?

అద్దాలంటే గుర్తొచ్చింది. అసలు నా కడుపుమంట ఈ పెద్దాయన మీద కాదేమో, ఆ అద్దాల బీరువా మీద. రాజమండ్రిలో మా ఇంటి హాల్లో ఉండేది ఒకటి. మీ అందరిళ్ళలోనూ ఉండే ఉంటుంది. మా మేనమామ కువైట్ నుంచి నాకని బ్యాటరీ రైలు తెచ్చాడు. నాకని! ఒక్కసారి, ఆయన ముందు, పెద్ద బల్ల మీద తిప్పి చూపించారు. తర్వాత ప్లాస్టిక్ కవరుతో సహా షోకేసులోకి వెళ్ళింది. "ముట్టుకోకు, పాడవుతుంది. పెద్దయ్యాక ఆడుకుందువుగాని." పెద్దయ్యాక ఎవరు ఆడుకుంటారండీ? ఎవరైనా వస్తే తాళం తీసి వాళ్ళ పిల్లలకి దూరం నుంచి చూపించేవారు, మళ్ళీ తాళం. నేను అద్దానికి ముక్కు ఆనించి చూసేదాన్ని, అద్దం మీద మరకలు పడుతున్నాయని దానికీ తిట్లే. చాలా ఏళ్ళ తర్వాత ఇంటికి రంగులు వేస్తుంటే బయటికి తీశారు. లోపల బ్యాటరీలు కారిపోయి రేకులన్నీ పచ్చగా తుప్పు పట్టాయి. ఆ రైలు పాత సామాన్ల వాడి తోపుడుబండిలో వెళ్ళిపోయింది. పాడవకుండా దాచి దాచి పాడుచేశారు.

మంచి స్టీలు గిన్నెలు అటక మీద, పట్టుచీరలు బీరువాలో, కొత్త సోఫాకి కవరు, రిమోటుకి కవరు. సరే, అవి వస్తువులు. పిల్లల చేతులకి కూడా కవరు తొడిగారు. గడియారం విప్పితే దెబ్బలు, రేడియో విప్పితే దెబ్బలు, మా అన్నయ్య సైకిలు చైను ఊడదీశాడని అన్నం పెట్టకుండా బయట నిలబెట్టారు. అదే ఇంట్లో, అదే నోటితో, పదో తరగతి అయ్యేసరికి "ఇంజనీరు కావాలి" అన్నారు. స్క్రూడ్రైవరు ముట్టుకోనివ్వని వాళ్ళు ఇంజనీరింగ్ సీటు కోసం పొలం అమ్మారు. మా అన్నయ్య మెకానికల్ చదివి, మొదటిసారి ఒక మోటారు విప్పింది ఉద్యోగంలో చేరాక. ఇది చెబుతుంటే వాడి గొంతులో వినిపించే బాధ నాకు తెలుసు.

ఇన్ని వేల మైళ్ళు దాటి వచ్చినా ఆ బీరువా మన వెనకే వచ్చింది. నా కూతురి దాకా రానివ్వను.

అది రైలు ఎందుకు విప్పుతోందో చెప్పనివ్వలేదు మీరు. సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కబొమ్మలు పై మెట్ల మీద ఉంటాయి, కింది మెట్టు దానిది. ఈసారి అక్కడ గోదావరి మీద ఆర్చి బ్రిడ్జి కడతానంది. పోయిన వేసవిలో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు రైల్లోంచి ఆ కమానులు లెక్కపెట్టడానికి ప్రయత్నించి మధ్యలో తప్పిపోయింది. మొత్తం 28 ఉంటాయి. దాని ముక్కలకి రెండో మూడో వస్తాయంతే. ప్లాట్‌ఫారంలోని బూడిదరంగు ముక్కలు స్తంభాలకి కావాలట, గార్డు పెట్టె కూడా విప్పేసింది. ఇంజను మాత్రం బ్రిడ్జి ఎక్కాలి కాబట్టి ఉంచింది. సెట్టులో వచ్చినవన్నీ వంపు పట్టాలే, వంతెన మీదికి తిన్నవి కావాలి. డబ్బు గురించి బెంగపడ్డవాళ్ళకి చెబుతున్నాను, ఆ తిన్నటి పట్టాలు ఈ రాత్రే ఆర్డరు పెడుతున్నాను.