పాలీన్‌ని పట్టాలకు కట్టేశారా? అసలు ఆ సీరియల్ ఎంత మిగిలింది?

"1914 నాటి మూకీ సినిమా సీరియల్ 'ద పెరిల్స్ ఆఫ్ పాలీన్' 20 ఎపిసోడ్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, హీరోయిన్‌ని రైలు పట్టాలకు కట్టేసే సీన్ పుట్టింది అందులోనే, మిగతా అమెరికన్ మూకీలన్నీ 1937 మంటల్లో బూడిదయ్యాయి." ఈ మాట తెగ షేర్ అవుతోంది. ఇందులో మూడూ తప్పే.

మంటల సంగతి ముందు. 1937 జులైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో తగలబడింది ఫాక్స్ కంపెనీ గోదాము. ఫాక్స్ పాత సినిమాలు చాలావరకు అక్కడే పోయాయి, నిజమే, అది తీరని నష్టం. కానీ పాలీన్ తీసింది పాథే అనే వేరే సినిమా కంపెనీ వాళ్లు. మిగతా కంపెనీల మూకీల్లో ఎన్నో నిర్లక్ష్యం వల్లే పోయాయి: టాకీలు వచ్చాక ఇక డబ్బు రాదని పారేశారు, కొన్నిటిని ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగించారు, అప్పట్లో వాడిన నైట్రేట్ ఫిల్ము దానంతటదే జిగురుగా, పొడిగా మారిపోయింది. అలాగని అన్నీ పోలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వేసిన లెక్క ప్రకారం దాదాపు 11,000 మూకీ ఫీచర్ సినిమాల్లో 14 శాతం విడుదలైన రూపంలోనే ఉన్నాయి.

పట్టాల సీన్ అయితే ఇప్పుడు మనకు దొరికే పాలీన్‌ భాగాల్లో ఎక్కడా లేదు. 1867లోనే న్యూయార్క్ స్టేజి మీద 'అండర్ ది గ్యాస్‌లైట్' నాటకంలో ఉంది, అక్కడ కట్టేసింది మగవాణ్ణి, కాపాడింది హీరోయిన్! 1913లో ఓ సినిమాలో నటి మేబెల్ నార్మండ్‌ని పట్టాలకు కట్టేస్తే జనం నవ్వుకున్నారు, ఎందుకంటే అది కామెడీ సినిమా.

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఆ "చెక్కుచెదరకుండా" అన్న మాట. పాలీన్‌గా నటించిన పెర్ల్ వైట్ ప్రాణాలకు తెగించి చేసిన ఆ 20 ఎపిసోడ్లలో ఇప్పుడు మనకున్నది యూరప్ కోసం కుదించిన 9 భాగాల కాపీ మాత్రమే. దాని టైటిల్ కార్డులు (మూకీల్లో మాటలు రాసి తెర మీద చూపే పలకలు) ఫ్రెంచి నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి వచ్చాయి, ఎంత అధ్వానంగా అంటే పాలీన్‌ని దేవత అనుకుని పరీక్ష పెట్టేచోట "ఇమ్మోర్టల్" శక్తి కాస్తా "ఇమ్మోరల్" శక్తి అయింది, అమరత్వం అనైతికమైపోయింది. ఈ కాపీ కూడా అపురూపమే, 2008లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, ఈ సీరియల్‌కి చోటిచ్చారు. పూర్తిగా ఉందని చెబితే మాత్రం పోయిన రీళ్ల కోసం ఎవరు వెతుకుతారు చెప్పండి? అసలు సీరియల్‌లో విలన్ పేరు ఓవెన్. మీరు చూస్తున్నదాంట్లో కోర్నర్ అని ఉంటే అది ఆ కుదించిన కాపీయే.