రెంబ్రాంట్ గారి నాటుకోడి

ఆదివారం ఎనిమిదింటికి మా ఆవిడ సంచీ తెచ్చి నా ఒళ్లో పడేసింది. "తమ్ముడు భోజనానికి వస్తున్నాడు. తొమ్మిదిలోపు వెళ్తేనే నాటుకోడి. తర్వాత వెళ్తే మిగిలేది బాయిలరే."

"ఐదు నిమిషాల్లో వెళ్తా" అన్నాను. అప్పటికే నేను ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నాను, లాప్‌టాప్‌లో.

అక్కడి రైక్స్ మ్యూజియం వాళ్లు, రెంబ్రాంట్ అనే చిత్రకారుడు 1642లో ఓ తుపాకీ దళాన్ని చూపిస్తూ వేసిన 'నైట్ వాచ్'ని 8,439 ఫొటోలు తీసి, అతికించి, 2022లో ఒకే బొమ్మగా నెట్‌లో పెట్టారు. 717 గిగాపిక్సెళ్లు. మన లెక్కలో 71,700 కోట్ల చుక్కలు. మా పెళ్లి ఆల్బంలో నా మొహమే మసగ్గా ఉంటుంది. ఇక్కడేమో కెప్టెన్ గారి చెయ్యి నీడ పక్కాయన పసుపు కోటు మీద ఎక్కడ పడిందో కూడా తెలుస్తోంది.

బొమ్మలో వెనకాల ఇద్దరి మధ్య నుంచి ఓ టోపీ, ఓ కన్ను తొంగిచూస్తాయి. అది రెంబ్రాంటేనని చాలామంది నమ్మకం. గ్రూప్ ఫొటోలో ఫొటోగ్రాఫరే దూరిపోయాడన్నమాట! ఆ కన్ను కోసం జూమ్ చేశాను. మా నెట్ సంగతి తెలిసిందే కదా, ముందు బురద కనిపించి, తర్వాత గడి గడిగా తేటపడుతుంది. తేటపడేలోపు ఆగలేక ఇంకాస్త జూమ్ చేశాను. అంతే, తప్పిపోయాను. ఎటు జరిపినా గోధుమరంగు చీకటి, దాని నిండా పగుళ్లు. నిజానికి అది పగటిపూట బొమ్మేనట. వార్నిష్ నల్లబడి, రాత్రి గస్తీ అని పేరు పడిపోయింది. మా వంటింటి గోడకీ అదే గతి పట్టింది గానీ, దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

మా ఆవిడ అటుగా వెళ్తూ తెర వంక చూసి, "పైవాళ్ల బాత్రూం మళ్లీ కారుతోందా? మేస్త్రీకి ఫోన్ చెయ్యండి" అంది.

కిందికి, కాస్త ఎడమకి జరిపితే తళుక్కుమంది. బంగారు రంగు గౌనులో ఓ అమ్మాయి, ఆమె నడుముకి తలకిందులుగా వేలాడుతూ చచ్చిన కోడి. దాని గోళ్లు ఆ తుపాకీ దళం వాళ్ల గుర్తట. గోళ్లన్నీ ఒక్కొక్కటే పరీక్షించాను. మూడో గోరు దగ్గర మనసులో ఏదో కలుక్కుమంది.

కోడి!

టైము పదీ నలభై. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాను.

"నాటుకోళ్లు తొమ్మిదిన్నరకే అయిపోయాయి సార్. బాయిలర్ కొట్టమంటారా?"

దానితో ఇంటికెళ్లే ధైర్యం లేక డజను గుడ్లు తెచ్చాను. కోడి ఏదని అడిగితే, ఏం చెప్పాలో తోచక లాప్‌టాప్ తిప్పి చూపించాను.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చూసింది. "ఈ పిల్లకున్న బుద్ధి మీకు లేకపోయె. సంచీ లేకపోయినా నడుముకి కట్టుకుని మరీ తెచ్చింది."

మధ్యాహ్నం కోడిగుడ్ల పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా బావమరిదికి ఆ కన్ను సంగతి చెప్పాను. వడ్డించి అరగంటైనా వాడు కుర్చీలోంచి లేవలేదు.

"బావా, అంతా నల్లగా వచ్చేసింది. ఎటు పోవాలి?"

"కిందికి, కాస్త ఎడమకి. కోడి కనపడేదాకా పో."