కత్తెర వెనుక భూమి లెక్క

క్రీ.శ. 640లో పెపిన్ కన్నుమూశాడు. పశ్చిమ ఐరోపాను ఏలిన ఫ్రాంకుల తూర్పు రాజ్యం ఆస్ట్రేషియాలో రాజు తర్వాత అంతటివాడు. భార్య ఇట్టాకు మిగిలినవి విస్తారమైన భూములు, పెళ్లీడుకొచ్చిన కూతురు గెర్ట్రూడ్. ఆ రోజుల్లో ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండటమే ముప్పు. పిల్లను ఎత్తుకెళ్లి పెళ్లాడినవాడికి ఆస్తితో పాటు ఆ వంశంతో వియ్యమూ దక్కుతుంది.

మఠం కట్టమని బిషప్ అమాండస్ సలహా ఇచ్చాడు. అవమానాలు, ఇబ్బందులు పడ్డాక ఇట్టా మంగలి కత్తెర తానే అందుకుని సన్యాసం ఇప్పించిన గుర్తుగా కూతురి జుట్టును కిరీటం ఆకారంలో కత్తిరించింది. దీన్ని భక్తి పారవశ్యంగా చెప్పుకోవడం మామూలే. గెర్ట్రూడ్ జీవితాన్ని 670 ప్రాంతంలో రాసిన మతగురువు మాత్రం అసలు కారణం దాచలేదు: బలవంతంగా లాక్కెళ్లేవాళ్లకు పిల్ల చిక్కకూడదని.

జుట్టు కత్తిరిస్తే మఠం ఏర్పడదు. ఇప్పటి బెల్జియంలోని నివెల్‌లో, 650కి అటూ ఇటూగా, ఇట్టా తన సొంత భూమి ఇచ్చింది. రోమ్ నుంచి సెయింట్ల పవిత్ర అవశేషాలు, గ్రంథాలు వచ్చాయి. చదువు చెప్పడానికి ఐర్లండ్ నుంచి సన్యాసులు వచ్చారు. వాళ్లలో ఫోయిలాన్‌కు ఫోస్‌లో వేరే మఠానికి స్థలమిచ్చింది. నివెల్‌లో స్త్రీలూ పురుషులూ ఉండేవారు, పెత్తనం మాత్రం మఠాధిపతురాలిదే. 652లో తల్లి పోయాక గెర్ట్రూడ్ బయటి పనులు మఠంలోని సన్యాసులకు, లోపలి పనులు సన్యాసినులకు అప్పగించి, తాను చదువులో, ప్రార్థనలో మునిగింది. 659లో, 33 ఏళ్లకే మరణించింది.

దేవుడి మాన్యం చేస్తే అల్లుళ్ల బెడద తీరింది. రాజకీయం బెడద తీరలేదు. మఠాధిపతురాలు మన ఇంటి పిల్లే కావాలనుకుంటే, ఇంటి పగలు కూడా గోడ దాటి లోపలికి వస్తాయి. గెర్ట్రూడ్ తర్వాత పీఠమెక్కిన వుల్ఫెట్రూడ్ ఆమె అన్న గ్రిమోవాల్డ్ కూతురు. తన కొడుకునే సింహాసనం మీద కూర్చోబెట్టి, చివరికి ప్రాణం పోగొట్టుకున్నవాడు గ్రిమోవాల్డ్. తండ్రి మీది కసితో రాజులు, రాణులు ఆమెను తప్పించి మఠం ఆస్తి కాజేయాలని చూశారు. ఆమె కదల్లేదు. 669లో పోయేదాకా పీఠం ఆమెదే.

గ్రిమోవాల్డ్ మగసంతతి నిలవలేదు. ఇట్టా మరో కూతురు బెగ్గా 692 ప్రాంతంలో ఆండెన్‌లో మఠం పెట్టినప్పుడు సన్యాసినులు, పుస్తకాలు, అవశేషాలు నివెల్ నుంచే వెళ్లాయి. తర్వాత ఫ్రాంకుల చక్రవర్తి అయిన షార్లెమాన్‌కు తాత చార్లెస్ మార్టెల్. ఆ మార్టెల్‌కు నాయనమ్మ ఈ బెగ్గాయే.